సోది ఆపమనే ముందు

"సోది ఆపు" అనే మాట తణుకులో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టడం మా వల్ల కాదు. బస్టాండులో వింటాం, టీకొట్టు దగ్గర వింటాం, కాలేజీ పిల్లల నోట వింటాం. ఎవరైనా సాగదీసి మాట్లాడితే సోది. అర్థంపర్థం లేకుండా మాట్లాడితే సోది. టీవీ కామెడీల్లో అయితే ఈ ఒక్క మాట పడితే చాలు, వెనకాల నవ్వులు వచ్చేస్తాయి. అనేవాళ్ళ మనసులో చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. ఆ మాట మా ఇళ్ళలోంచి వెళ్ళిందని వాళ్ళకి తెలియదు, అంతే.

మేము ఎరుకలవాళ్ళం. సోదె అన్నది మా ఆడవాళ్ళు చేసిన పని పేరు. చంకన బుట్ట, చేతిలో బెత్తం పట్టుకుని "సోదె చెబుతానమ్మా సోదె" అంటూ వీధి వీధీ తిరిగి, పిలిచిన ఇంటి అరుగు మీద కూర్చుని, కంచి కామాక్షినీ మధుర మీనాక్షినీ బెజవాడ కనకదుర్గనీ తలుచుకుని చెప్పేవాళ్ళు. అలా చెప్పడాన్ని ఎరుక చెప్పడం అని కూడా అంటారు. ఎరుక అంటే తెలియడం. తెలంగాణలో ఇప్పటికీ "నీకు ఎరుకేనా?" అని అడుగుతారు. ఎరుక చెప్పేవాళ్ళం కాబట్టే ఎరుకలవాళ్ళమయ్యామని మా పెద్దలు చెబుతారు. అంటే మా పేరులో తెలివి ఉంది, మా పని పేరులో మాత్రం ఇప్పుడు చెత్త మాటలున్నాయి. ఒకే మనిషికి ఈ రెండూ ఎలా అంటుకున్నాయన్నది మేము టీవీ ముందు కూర్చున్నప్పుడల్లా వచ్చే ఆలోచన.

మా వీధికి టీవీ వచ్చిన రోజులు మాకు బాగా గుర్తు. ఏంటెన్నాలకి వెదురు గెడలు కావాలి. వెదురు మా ఇంటి సరుకు. గోస్తనీ గట్టు మీద మా వీధిలో తట్టలు, బుట్టలు, చేటలు అల్లేవాళ్ళు చాలామంది ఉండేవారు. ఊళ్ళో డాబాల మీద ఏంటెన్నా నిలబెట్టుకోవాలన్నవాళ్ళు మా దగ్గరికే వచ్చి బేరమాడి గెడలు పట్టుకుపోయేవారు. అలా తణుకులో టీవీ నిలబడటానికి మా వెదురూ కొంత ఆసరా ఇచ్చిందని మా పెదనాన్న ఒకాయన గొప్పగా చెప్పేవాడు. మా వీధిలో మొదటి టీవీ కొన్నది కూడా ఆయనే, పందుల బేరం కలిసొచ్చిన ఏడాదిలో. శుక్రవారం చిత్రలహరికి ఆయన ఇంటి ముందు వాకిలి నిండిపోయేది.

1988 నుంచి 1990 దాకా ఆదివారం పొద్దున్నే మహాభారతం వచ్చేది. అది హిందీలో ఉండేది. ఆరో తరగతిలో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలతో మేము మామ్మలకి అర్థం చెప్పేవాళ్ళం. అర్థం చెప్పింది తెలుగులో కాదు, మా కుర్రు భాషలో. భీష్ముడూ శకునీ మా వాకిట్లో కుర్రు మాట్లాడారన్నమాట! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత పెద్ద కథని మా భాష ఏ ఇబ్బందీ లేకుండా మోసింది కదా అని కూడా అనిపిస్తుంది.

తర్వాత 1995లో ఈటీవీ వచ్చింది, దాని వెంట మిగిలిన తెలుగు ఛానళ్ళూ వచ్చాయి. కేబుల్ వైరు మా వీధిలోకీ వచ్చింది. ఇక అర్థం చెప్పేవాళ్ళతో పని లేకుండా పోయింది. సాయంత్రం సీరియళ్ళ వేళకి అందరూ టీవీ ముందే. చేతులు బుట్ట అల్లుతుంటే కళ్ళు తెర మీద ఉండేవి. మధ్యలో ప్లాస్టిక్ టబ్బుల ప్రకటన వచ్చేది. బుట్టకి ఎసరు పెట్టే సరుకుని బుట్ట అల్లుతూనే చూశాం. టీవీని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. వార్తలు అదే చెప్పింది, తుఫాను వస్తుందని అదే చెప్పింది, మా ఆడపిల్లలకి ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళని మొదట చూపించిందీ అదే. అయితే ఆ పెట్టెలో గంటల తరబడి నడిచే తెలుగు ముందు మా కుర్రు మెల్లగా గొంతు తగ్గించింది. పెద్దవాళ్ళు పిల్లలతో తెలుగులో మొదలుపెట్టి, తిట్టాల్సి వస్తేనే కుర్రులోకి వచ్చేవారు.

పొద్దున్న పూట అన్ని ఛానళ్ళలో రాశిఫలాలు మొదలయ్యాక మా మామ్మ ఒకామె వాటిని రోజూ శ్రద్ధగా చూసేది. ఆమె నలభై ఏళ్ళు సోదె చెప్పిన మనిషి. "మొగం చూడకుండా, చెయ్యి పట్టుకోకుండా ఊరందరికీ ఒక్కడే ఎలా చెబుతాడ్రా?" అని అడిగేది. ఆమె దృష్టిలో అది పని చెడగొట్టడం. సోదెకి కూర్చుంటే ముందు అవతలి మనిషిని చూడాలి. కోడలు ఎటు చూసి మాట్లాడుతోంది, అత్త పేరు ఎత్తగానే గొంతు ఎందుకు తగ్గింది, బిడ్డ లేదన్న దిగులా, పుట్టింటి బెంగా అన్నది పట్టుకోవాలి. ఆ ఇంట్లో ఆమె కష్టం వినేవాళ్ళు ఇంకెవరూ లేకపోవచ్చు. డెల్టా ఊళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళు మా మామ్మల ముందే మొదటిసారి కళ్ళు తుడుచుకున్నారు. సోదె నిజమా అబద్ధమా అన్న వాదనలోకి మేము వెళ్ళం. మా పిల్లలకి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే తీసుకెళతాం. కానీ కోటు వేసుకున్నాయన టీవీలో చెబితే అది శాస్త్రం, పేరు గౌరవంగా వేస్తారు. చీర కొంగు బిగించి మా మామ్మ అరుగు మీద చెబితే అది సోది. తేడా చెప్పిన విషయంలో ఉందా, చెప్పిన మనిషిలో ఉందా?

దేవుడి కథల్లో మాకు ఇంత తక్కువ లేదు. శ్రీనివాస కల్యాణం తెలియని తెలుగు ఇల్లుండదు. పద్మావతిని పెళ్ళాడటానికి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్ళి సోదె చెబుతాడు. రాణి ఆ మాట నమ్ముతుంది. యక్షగానాల్లో, కురవంజి పాటల్లో ఎరుకలసాని వచ్చేసరికి జనం నిటారుగా కూర్చునేవారట. ఆ వేషం ఈనాటికీ బళ్ళలో ఉంది. వార్షికోత్సవం అంటే ఒక ఎరుకలసాని వేషం ఉండాల్సిందే. మేము చూసిన ఒక బడి పండగలో ఊళ్ళో పెద్ద వ్యాపారి కూతురు ఆ వేషం కట్టింది. బుగ్గన చుక్క, చంకన బొమ్మ బుట్ట, వంకర యాస. చప్పట్లే చప్పట్లు, మొదటి బహుమతి. అదే బడిలో మూడో వరసలో మా పిల్ల కూర్చుని ఉంది. నిజమైన బుట్ట, నిజమైన బెత్తం ఆ పిల్ల ఇంట్లోనే ఉన్నాయి. ఆ పిల్ల కూడా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో ఒకటే అంది: "అమ్మా, నువ్వు బుట్ట పట్టుకుని బడి ముందు నుంచి వెళ్ళకు." వేషం కట్టిన పిల్లకి బహుమతి, ఆ బతుకు ఉన్న పిల్లకి సిగ్గు. ఆ రోజు మా ఇంట్లో ఎవరం దానికి జవాబు చెప్పలేకపోయాం.

బడిలో మాకు దొరికిన ఇంకో బంధువు ఏకలవ్యుడు. ఆయన మా మూలపురుషుడని మా వాళ్ళ నమ్మకం. ఏటా ఏకలవ్య జయంతి చేసుకుంటాం. గిరిజన పిల్లల కోసం కేంద్రం పెట్టిన గురుకులాలకీ ఆయన పేరే ఉంది. బడిలో ఆ కథ చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది: ఈ కథలోని నీతి ఏమిటి? జవాబు గురుభక్తి. రెండు మార్కులు. వేలు ఇచ్చినవాడి గురించి రాస్తే మార్కులు వస్తాయి, అడిగి తీసుకున్నవాడి గురించి రాయడానికి జవాబు పత్రంలో చోటు ఉండదు. మా తాత ఒకాయన ఈ కథ చెబితే వేలు పోయిన దగ్గర ఆపేవాడు కాదు. "ఆ తరవాత వాడు ఎట్టా బతికాడో, ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాడో అది చెప్పండ్రా" అనేవాడు. పాఠం ఆగిపోయిన చోటే ఆయన ప్రశ్న మొదలయ్యేది.

తెర మీద మాకు ఉన్న రెండో వేషం దొంగ. 1991లో ఒకే ఏడాది స్టువర్టుపురం పేరు మీద రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి 'స్టువర్టుపురం దొంగలు', రెండోది చిరంజీవి నటించిన 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్'. చిరంజీవి మా జిల్లా మొగల్తూరు మనిషి. ఆయన సినిమా అంటే మా వీధి కుర్రాళ్ళు తెల్లవారుఝామునే హాలు గేటు దగ్గర ఉండేవారు. ఈలలు వేశారు, కాగితాలు ఎగరేశారు. సోమవారం బడికెళితే తోటి పిల్లలు మా వాళ్ళని "ఏరా స్టువర్టుపురం" అని పిలవడం మొదలుపెట్టారు. ఎవరి పెన్ను పోయినా ముందు మా సంచులు వెతికారు. స్టువర్టుపురం ఎక్కడుందో మాలో చాలామందికి అప్పటిదాకా తెలియనే తెలియదు. అది బాపట్ల దగ్గర ఊరు, మా తణుకుకి బాగా దూరం. అయినా సినిమా టిక్కెట్టు కొన్న ప్రతి ఊళ్ళోనూ ఎరుకల పిల్లలున్న ప్రతి బడీ ఆ వారం స్టువర్టుపురమే అయింది.

అసలు ఆ ఊరు ఎలా పుట్టిందో ఏ హీరో డైలాగులోనూ మేము వినలేదు. మా వాళ్ళు ఒకప్పుడు కోస్తా నుంచి లోపలి ఊళ్ళకి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్మేవారు. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల, పరికముగ్గుల ఎరుకల అని మాలో ఉన్న తెగల పేర్లు చూస్తే ఎవరు ఏం చేసి బతికారో తెలిసిపోతుంది. రైలు వచ్చింది, ఉప్పు మీద తెల్లదొరల పెత్తనం బిగిసింది, మోతబేరం పోయింది. తిరిగేవాళ్ళంటే అనుమానం ఉన్న ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని సవరించాక మద్రాసు రాష్ట్రంలో మన వాళ్ళ మీదా పడింది. పుట్టుకతోనే దొంగ అని రాసుకుని వేలిముద్రలు తీసుకున్నారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి స్టువర్టుపురం సెటిల్మెంటు కట్టారు. ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు దానికి పెట్టారు. కావలి దగ్గర కప్పరాళ్ళతిప్ప కూడా అలాంటిదే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. తర్వాత హేమలతా లవణం గారు, లవణం గారు స్టువర్టుపురం వెళ్ళి ఆ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పని చేశారు. జాషువా గారి అమ్మాయి మా వాళ్ళ గుడిసెల్లో కూర్చుని మాట్లాడిందని చెప్పుకుంటే మాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. ఇదంతా కూడా కథే. ఇందులోనూ కన్నీళ్ళున్నాయి, పోరాటం ఉంది. కానీ తెరకి దొంగతనం ఒక్కటే కనబడింది.

2023లో అదే ఊరి కథతో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు పరిస్థితి కొంచెం మారింది. సినిమా విడుదల కాకముందే టీజరు మా జాతిని కించపరిచేలా ఉందని మన వాళ్ళే ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్ళారు. సినిమా ఆగలేదు. ఆగాలన్నది కూడా మా పట్టుదల కాదు. ఒక దొంగ కథ సినిమా తీసుకోవచ్చు, అందులో తప్పేముంది? కమ్మ దొంగ, కాపు దొంగ, బ్రాహ్మణ దొంగ సినిమాల్లో కనబడితే అది ఆ మనిషి కథ అవుతుంది. ఎరుకల దొంగ కనబడితే ఊరి కథ, జాతి కథ అవుతుంది. మా గొడవ అక్కడే. 1991లో ఈలలు వేసిన తరం పిల్లలే 2023 నాటికి లాయర్లూ టీచర్లూ అయి కోర్టు కాగితాలు చదివి మాకు అర్థం చెప్పారు. ఇది చిన్న మార్పు కాదు.

ఇక భాష సంగతి. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకి చిన్న తరగతుల్లో వాళ్ళ భాషలోనే చెప్పాలని ఒక మంచి పని మొదలైంది. తెలుగు లిపిలో వాచకాలు వేశారు. కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషలు తీసుకున్నారు. పోలవరం వైపు కోయ పిల్లలు తమ మాటని అచ్చులో చూసుకునే అవకాశం వచ్చినందుకు మాకు సంతోషమే. ఆ ఎనిమిదిలో ఎరుకల భాష లేదు. మేము ఏజెన్సీలో లేము. మైదానంలో, ఊరి చివర, కాలవ గట్ల మీద, పది ఇళ్ళు ఇక్కడా ఇరవై ఇళ్ళు అక్కడా ఉంటాం. ఏ బడిలో చూసినా మా పిల్లలు ఇద్దరో ముగ్గురో. వాళ్ళ కోసం వాచకం ఎవరు వేస్తారు? ఆ ఇద్దరు కూడా నోరు విప్పితే పక్క పిల్లలు నవ్వుతారని తెలుగే మాట్లాడతారు. మాకు భాష ఉన్న సంగతి వాళ్ళ టీచరుకే తెలియదు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవాళ్ళు 5 లక్షలు దాటారు. అదే లెక్కల్లో ఎరుకల భాష మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు దేశమంతా కలిపి 58 వేల పైచిలుకు. అదీ ప్రత్యేక భాషగా కాదు, తమిళం కింద ఒక వరసలో వేశారు. మిగిలినవాళ్ళందరి ఇళ్ళలోనూ కుర్రు పోయిందా? పోలేదని మాకు తెలుసు. పెళ్ళిలో, చావులో, పోట్లాటలో, పోలీసు వచ్చాడని మెల్లగా చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ అదే భాష. లెక్కలవాడు గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు మాత్రం "తెలుగండీ" అంటాం. బడిలో నేర్చుకున్న జాగ్రత్త అది, ముసలితనం దాకా వదలదు.

ఇప్పుడు మా ఇళ్ళలో టీవీ పెద్దగా ఎవరూ చూడటం లేదు. ఎవరి ఫోను వాళ్ళదే. మొన్న మా మనవరాలు ఒకతె మామ్మ బుట్ట అల్లుతుంటే ఫోనులో తీసింది. ఈత బరికల్ని ఎలా చీలుస్తారో, అడుగు ఎలా కడతారో మామ్మ కుర్రులో చెప్పుకుంటూ పోయింది. ఆ పిల్ల దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టింది. తాడేపల్లిగూడెం నుంచి, ఏలూరు నుంచి, నెల్లూరు వైపు నుంచి కూడా మన వాళ్ళు మాటల్లో జవాబులు పంపారు. ఒకాయన "మా దగ్గర ఆ ముడిని ఇంకో పేరుతో పిలుస్తాం" అన్నాడు. ఇంకొకామె "ఈ మాట విని ఇరవై ఏళ్ళయింది, మా అమ్మ గొంతు విన్నట్టుంది" అంది. ఎవరూ సోది ఆపమనలేదు. మామ్మ ఆ ఫోను తీసుకుని తన గొంతు తనే నాలుగుసార్లు విని, "ఇంకా గట్టిగా మాట్లాడాల్సింది" అంది.

అందుకని ఈ పుస్తకం చదివే మన వాళ్ళకి ఒక పని చెప్పాలని ఉంది. ప్రభుత్వం ప్రకటించిన ప్రకారం 2027 ఫిబ్రవరిలో జనగణన వాళ్ళు మన గుమ్మాలకి వస్తారు. ఈసారి అందరి కులమూ రాసుకుంటారు. కులం సంగతి ఎలాగూ చెబుతాం. మాతృభాష అని అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగండి. జనాభా లెక్కల్లో మాతృభాష అంటే చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష. దాని తర్వాత మనకి వచ్చిన మరో రెండు భాషలు కూడా రాసుకుంటారు. తెలుగు అక్కడ రాయించుకోవచ్చు. కాబట్టి తెలుగుకి అన్యాయం ఏమీ జరగదు. తెలుగులో చదివాం, తెలుగులో రాస్తున్నాం, ఈ వ్యాసమూ తెలుగులోనే ఉంది. మొదటి గడిలో మాత్రం మన అమ్మ మాట్లాడిన భాష పేరు చెప్పండి. రాసుకునేవాళ్ళకి ఆ పేరు కొత్తయితే రెండుసార్లు చెప్పండి. ఫోనులో ఏం ఎక్కించారో చూపించమని అడగండి. మా మామ్మ అన్నట్టు, గట్టిగానే మాట్లాడండి.